కింద రాయి మీది అంకె

రన్‌వే చివర్లలో ఉన్న రెండు రాళ్ళకీ ఒకేరోజు సున్నం కొట్టేయమని ఎవరు చెప్పారు వాళ్ళకి? ఊఁ? ఎవరు చెప్పారంట? ఒకదానికి కొట్టాలి, దాని మీద అంకె రాయించుకోవాలి, అది ఆరాక అప్పుడు రెండోదాని జోలికి పోవాలి. కమిటీ అని పేరు పెట్టుకున్నాక ఆ మాత్రం ఇంగితం ఉండక్కర్లా?

లోపలికి రా తల్లీ, గుమ్మంలో నిలబడకు. ఆ స్టూలు వద్దు, దాని కాలికి రంగు తడిగా ఉంది. ఇదిగో, ఈ కుర్చీలో కూర్చో. ఏంటా కవరు? కమిటీ విజిలు సారు పంపాడా? బల్ల మీద పడెయ్యి, తర్వాత చూస్తా. అందులో ఏముందో నాకు తెలుసులే. బోర్డుల లిస్టే కదా. ఇది నాలుగో లిస్టు.

పొద్దున్నించీ మూడుసార్లు వచ్చి వెళ్ళాడమ్మా ఆయన. మెళ్ళో విజిలు, చంకలో ఫైలు. "పెయింటరు గారూ, ఎయిర్‌షోకి ఇంకా పందొమ్మిది రోజులే ఉంది" అంటాడు. నాకు క్యాలెండరు చూడ్డం రాదనుకుంటున్నాడా? పన్నెండేళ్ళ తర్వాత మళ్ళీ పెడుతున్నారు, సరే, సంబరమే. చుట్టుపక్కల ఊళ్ళన్నీ వస్తాయంటాడు, వేసవి సెలవులు కదా అంటాడు. రానీ. నేనేమన్నా వద్దన్నానా?

అటు చూడు, గోడకి ఆనించినవన్నీ వాళ్ళవే. "ప్రథమ చికిత్స". "తాగే నీళ్ళు". "తాడు దాటరాదు". "తప్పిపోయిన పిల్లలు ఇక్కడ ఉంటారు". చూశావా, అక్షరం ఒక్కటైనా వంకర పోయిందా? అన్నీ చేశాను. అంకెలున్నవి మాత్రం చెయ్యనని చెప్పాను. పార్కింగు వరసలు, కుర్చీల నంబర్లు, టికెట్ కిటికీలు, అవన్నీ బజారు చివర స్టిక్కర్ల షాపువాడితో చేయించుకోమన్నా.

నవ్వకు. ఊరంతా నవ్వుతూనే ఉంది. అంకెలు రాయని పెయింటరంట. ఇంటి నంబరు రాయమంటే రాయడంట, ఫోన్ నంబరు రాయమంటే రాయడంట. కొత్తవాళ్ళొచ్చి "అదేంటండీ" అని నోరు వెళ్ళబెడతారు. కళ్ళు మసకలని చెప్తాను. కళ్ళు మసకైతే ఆ "ప్రథమ"లో వొత్తు అంత సన్నగా ఎలా తిప్పానని ఇప్పటిదాకా ఒక్కడూ అడగలేదు.

మీ అమ్మ అడిగింది ఒకసారి. అడిగిందంటే... తన కుట్టు షాపు బోర్డు మీద ఫోన్ నంబరు రాయమంది. అప్పటికి బావ పోయి ఏడాదైంది. నేను కుంచె కడుగుతూ, "నంబరు వద్దులే అక్కా, పేరు చాల్లే, నిన్నెవరు ఎరగరు?" అన్నాను. అక్క చాలాసేపు నన్నలా చూసింది. చూసి, "సరే, పేరే రాయి" అని వెళ్ళిపోయింది. ఇంకెప్పుడూ అడగలేదు.

అక్క ఎలా ఉంది? మొన్న ఆదివారం క్యారియరు పంపింది, దాంతోపాటు తను రాలేదు. గాలి సంచి కుడుతోందట కదా, రన్‌వే పక్కన గాలి ఎటు వీస్తోందో చూపిస్తుందే, ఆ నారింజ గుడ్డ సంచి. విజిలు సారు చెప్పాడు. నేను నమ్మలేదు. పన్నెండేళ్ళు ఆ రంగు గుడ్డ షాపులోకి రానివ్వలేదు ఆవిడ. నీ కోసం కుడుతోంది. నువ్వెగురుతున్నావని.

మూడో ఐటం నీదట కదా? పారాచూట్ గొడుగువాళ్ళు దూకడం అయ్యాక. ఊఁ. బావదీ మూడో ఐటమే. కావాలని ఇచ్చారో, అలా కుదిరిందో. నీ చేత ఇంకో కాగితం మీద కూడా సంతకం పెట్టించారట, మిగతా పైలట్లకి లేనిది. ఏమని? ఫలానా ఆయన కూతుర్ని కాబట్టి ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఎగురుతాను అనా?

అంతేలే. అడగను.

ఏయ్, ఆ మూల బోర్డు తిప్పకు. గోడ వైపుకి తిప్పి పెట్టానంటే చూడొద్దనే కదమ్మా... సరే. చూశావుగా. ఇంక దాచి ఏం లాభం? పైలట్ల టెంటు దగ్గర పెడతారట అది. "ఎత్తు మీటరు రెండుసార్లు సరిచూసుకోండి." దాని కింద, "ఒక్కరి తొందరపాటు మనకందరికీ పాఠం కావాలి." ఆ కింద ఖాళీ ఉంది చూడు, అక్కడ పేరు రావాలి. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. విజిలు సారు కాగితం మీద రాసిచ్చాడు, బావ పేరు నాకు తెలీదన్నట్టు.

నాలుగు రోజులైంది ఆ ఖాళీ వదిలి. రంగు కలుపుతాను, కుంచె ముంచుతాను, మళ్ళీ టర్పెంటైన్లో కడిగేస్తాను. చెయ్యి రావట్లేదు.

తొందరపాటు. హుఁ.

నిజంగానే తొందర మనిషే, ఎందుకబద్ధం. అరనిమిషం అని ఆయనకి ఊరికే పేరు పెట్టారా? ఏదడిగినా "అరనిమిషం" అనేవాడు. అన్నానికి రమ్మంటే అరనిమిషం, పెళ్ళిచూపులకి వచ్చి టీ చల్లారకముందే "అరనిమిషంలో చెప్తా" అని బయటికెళ్ళి, వచ్చి సరేనన్నాడు. మా అక్క అప్పటికి కప్పు కింద పెట్టను కూడా లేదు. నీకు చెప్పిందా ఎప్పుడైనా? చెప్పి ఉండదు. మీ ఇంట్లో గోడ మీద ఆయన ఫోటో కూడా లేదు కదా.

అదే నన్ను తినేసేది. ఫోటో లేకపోవడం.

విమానం పడ్డాక విచారణవాళ్ళు వచ్చినప్పుడు మీ అమ్మ ఏం చెప్పిందో తెలుసా? నువ్వు చిన్నదానివి, పదేళ్ళు, పక్కింట్లో పడుకోబెట్టారు నిన్ను. నేను అక్క వెనకాలే నిలబడి ఉన్నా. వాళ్ళలో కళ్ళద్దాలాయన అడిగాడు, "మీవారు మీటరు విషయంలో జాగ్రత్తగా ఉండేవారా అమ్మా?" అని. అక్క తడుముకోలేదు. "ఆయనకన్నిటికీ తొందరే సారూ. చూసుకుని ఉండరు. వేరే ఎవరి తప్పూ లేదు" అంది. గట్టిగా అంది. గదిలో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా.

ఆ తర్వాత ఎవరు పరామర్శకొచ్చినా అదే మాట. "చేతులారా చేసుకున్నాడు." దుకాణంలో, బస్టాండులో, ఎక్కడైనా సరే. ఓ భార్య అలా అంటే ఇంక ఎవరాలోచిస్తారు? అందరూ అదే ఖాయం చేసుకున్నారు.

నీక్కూడా అదే చెప్పి పెంచింది కదా. ఊఁ. తెలుసు.

నీళ్ళు తాగుతావా? వద్దా? నేను తాగుతాను ఉండు.

ఏం పనిమీదొచ్చావో నాకు తెలుసు. రాళ్ళు. రెండు రాళ్ళూ తెల్లగా, బోడిగా నిలబడున్నాయి, వాటి మీద అంకెలు రాయాలి. నేను చెయ్యనన్నానని నిన్ను పంపాడు. మేనకోడలు అడిగితే కాదనడని. తెలివైనవాడేలే.

నువ్వే రాసుకో తల్లీ. నీకు తెలియని అంకెలా? పై రాయి నాలుగొందల డెబ్బై, కింద రాయి నాలుగొందల పది. పైన షెడ్డు దగ్గరి నేల కన్నా కింద చివర నేల అరవై అడుగులు పల్లం. కంటికి ఆనదు, సైకిలు తొక్కితే తెలుస్తుంది. టవరూ గివరూ లేని బుల్లి మైదానం మనది. ఏ చివర విమానం నిలిపితే ఆ చివరి రాయి మీది అంకె చూసి, మీటరులో ముల్లు దానికి తిప్పుకుని బయల్దేరడమే ఇక్కడి పద్ధతి. నాకెలా తెలుసంటావా? బావే నేర్పాడు. గాలి బరువు రోజుకోలా ఉంటుందట, ముల్లు దానంతటదే జరిగిపోతూ ఉంటుందట, అందుకే లేచే ముందు దానికి నేల ఎక్కడుందో చెప్పాలట. "ముల్లు కళ్ళులేనిది బావమరిదీ. మనమేం చెప్తే అదే నమ్ముతుంది" అనేవాడు.

నీకు తెలిసిందే నీకు చెప్తున్నా, వయసు మీద పడుతోంది.

విమానంతో గాల్లో చక్రం కొట్టేటప్పుడు కూడా అంతే కదా? పైకెళ్ళి తలకిందులయ్యాక ఓసారి ముల్లు వంక చూస్తారు. ఇంత ఎత్తుంటేనే కిందికి దిగాలి, లేకపోతే అక్కణ్ణించే తప్పుకోవాలి. దిగడం మొదలెట్టాక ఇంక చేసేదేం లేదు. అరవై అడుగులు... ఏమంత అరవై? ఒక్క తాటిచెట్టు ఎత్తు. నేనెక్కే పెద్ద నిచ్చెనలు మూడు.

అలా చూడకు.

నువ్వలా చూస్తే అచ్చం అక్కలాగే ఉంటావు. ఏదన్నా అనొచ్చు కదా? వచ్చిన దగ్గర్నించీ ఆ బ్యాగు పట్టీ మెలిపెడుతూ కూర్చున్నావు. రాయనంటే "ఎందుకు మామయ్యా" అనొచ్చు కదా?

సరే. ఎవరూ అడగని దానికి నేనే చెప్తా.

ఆ ఏడాది కూడా రెండు రాళ్ళకీ ఒకేరోజు సున్నం కొట్టాను. నేనే. ముఖ్య అతిథి వస్తున్నాడు, మైదానమంతా కడిగిన ముత్యంలా ఉండాలన్నారు. షోకి ముందురోజు. ఎండ మాడిపోతోంది. పొద్దున రెంటికీ సున్నం పట్టించేసి, మధ్యాహ్నం దాకా ఆరనిచ్చి, అట్టల్లో అంకెల ఆకారం కోసుకున్నాను, ఆ కంతల్లోంచి రంగు వెయ్యడానికి. రెండు అట్టలు. ఒకదాంట్లో నాలుగొందల పది, ఇంకోదాంట్లో నాలుగొందల డెబ్బై. రెండూ జోలెలో వేసుకుని సైకిలెక్కాను.

మా పనిలో ఓ సంగతుందమ్మా, బయటివాళ్ళకి తెలీదు. పెయింటరు అంకెని చదవడు. గీస్తాడు. అంచు నిండిందా, రంగు కారిందా, నాలుగు పక్కన ఏడు ఒరిగిందా, ఇవే చూస్తాడు. అంకె ఎంతో అడిగితే రాసినవాడే మళ్ళీ తిరిగి చూసి చెప్పాలి. నేను వంద ఇంటి నంబర్లు రాసి ఉంటాను, ఒక్కటి గుర్తులేదు. రాసిన ఏడు ఎలా వచ్చిందో మాత్రం గుర్తుంటుంది.

ఆ రోజు కింద రాయి మీద ఏడు ఎంత బాగా వచ్చిందనుకున్నావు! వెనక్కి జరిగి, తల పక్కకి వంచి చూసుకుని మురిసిపోయాను.

కింద రాయి మీద ఏడు ఉండకూడదు.

ఊఁ. అదీ సంగతి.

పైదానిది కిందకి, కిందదానిది పైకి. చెయ్యి పెట్టాను, దొరికిన అట్ట తీశాను. అంతే. తాగి లేను, నిద్రమత్తులో లేను. పాట పాడుకుంటూ గీశాను.

మర్నాడు పైన షెడ్డు దగ్గర నిలిపినవాళ్ళంతా పైపైనే ఎగిరారు. ముల్లు తక్కువ చూపిస్తోంది కదా, పాపం వాళ్ళు అరవై అడుగులు ఎక్కువే పట్టారు. "ఏంటిది, చుక్కల్లో తిరుగుతున్నారు, టికెట్టు దండగ" అని జనం గొణుక్కున్నారు. నాకు వినపడనే వినపడ్డాయి ఆ మాటలు. బుర్రకెక్కలేదు. కింద చివర నిలిపింది మీ నాన్న ఒక్కడే. విమానం వెనక పొగ వదలడానికి పోసే నూనె పీపాలు అక్కడుంటాయని.

తర్వాతది నువ్వూ చూశావు. తాడు పక్కన, నా నిచ్చెన కింద, ఎర్ర టోపీ పెట్టుకుని. చక్రం చుట్టి దిగుతున్నాడు, దిగుతున్నాడు, దాదాపు తిన్నగా అయిపోయాడు. తోక ఒక్కటే తగిలింది నేలకి. తోక ఒక్కటే. ఇంకొంచెం ఉంటే... మైకాయన మాట మధ్యలో ఆగాడు, పాట మాత్రం ఆగలేదు. ఎవరో ఆపేదాకా అది అలా మోగుతూనే ఉంది. నేను నిచ్చెన దిగి నీ మొహం నా చొక్కాలో దాచాను. నీకు గుర్తుందా? నా చొక్కా నిండా తెల్లరంగు.

అప్పటికి నాకు తెలీదు, ఒట్టు. దీపాలు పెట్టే వేళకి జనమంతా పోయాక, నిచ్చెన తెచ్చుకుందామని కింద చివరికెళ్ళాను. వంగి సైకిలు తాళం తీస్తుంటే ఎదురుగా రాయి. మొదటిసారి ఆ అంకె చదివాను. గీయలేదు, చదివాను.

వేలితో ఆ ఏడుని తడిమి చూశాను.

తర్వాత నేనేం చేశానో విను. పరిగెత్తుకెళ్ళి ఎవరికో చెప్పాననుకుంటున్నావా? జోలె విప్పాను. రెండు అట్టలూ అందులోనే ఉన్నాయి. కింద రాయి మీది ఏడుని సున్నంతో కప్పేసి ఒకటి గీశాను. పైకెళ్ళి అక్కడి ఒకటిని ఏడు చేశాను. అట్టలు రెండూ చింపి నూనె పీపాలో పడేశాను. గంట కూడా పట్టలేదు. మీ నాన్న ఆసుపత్రి గదిలో తెల్లగుడ్డ కింద ఉన్నాడు, మీ అమ్మ ఆ గది బయట బల్ల మీద కూర్చునుంది, నేను ఇక్కడ అంకెలు దిద్దుకుంటున్నా.

మర్నాడు కళ్ళద్దాలాయన రాయి ముట్టుకుని వేలు చూసుకున్నాడు. "కొత్త రంగా?" అన్నాడు. "షో కోసం వేశాం సారూ" అన్నాను. అబద్ధం కూడా కాదు చూడు. విరిగిన మీటరు విప్పితే అరవై అడుగుల తేడా తేలింది. రాయి సరిగ్గా ఉంది, మీటరు తప్పుగా ఉంది. ఇంకేముంది, పైలటు తొందరపాటు అని రాసేశారు.

మీ నాన్న తప్పు లేదు. విన్నావా? ఆయన ముల్లు సరిగ్గానే తిప్పుకున్నాడు. రాయి మీద ఏముందో అదే పెట్టుకున్నాడు.

పన్నెండేళ్ళయింది. పడుకుంటే ఆ ఏడు కనిపిస్తుంది. ఎంత బాగా వచ్చిందో, అంచులెంత నున్నగా ఉన్నాయో. చెరిపేద్దామని చెయ్యి చాస్తే తడి అంటుతుంది. లేచి చెయ్యి చూసుకుంటాను. ఆదివారం అక్క క్యారియరు వస్తుంది. విప్పుతాను, తింటాను. ఆవిడ తన మొగుణ్ణి తిట్టుకుంటూ వండిన అన్నం, తిట్టించింది నేను, తినేదీ నేనే. ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది. "అక్కా, నేనే" అని రెండు మాటలు. క్యారియరు కడిగి పంపేశాను.

తిట్టు. కొట్టు. ఏదో ఒకటి చెయ్యి. అలా కూర్చోకు.

ఏంటి? కవరా? ఇప్పుడా కవరెందుకు, లిస్టు తర్వాత... లిస్టు కాదా? మరేంటి?

ఫోటో.

ఇది... ఇది ఆ రోజుది. ఎవరు తీశారు? మైదానంలో తిరుగుతూ ఇంటిల్లిపాదికీ ఫోటోలు తీసి పోస్టులో పంపిస్తానన్నాడే, ఆ ఫోటోగ్రాఫరా? నువ్వే. ఎర్ర టోపీ. పక్కన బావ, టోపీ లాగుతున్నాడు. కింద రాయి మీద కూర్చున్నావు. నీ కాళ్ళ మధ్యలో...

నాలుగు. ఏడు. సున్నా.

దీని చుట్టూ ఈ నీలం గీత ఎవరిది? గుండ్రంగా చుట్టారు.

ఇది బట్టల మీద కొలత గీసే పెన్సిలు. అక్క పెన్సిలు.

ఎప్పుడు? ఎప్పుడొచ్చింది ఇది మీ ఇంటికి? ఆ నెలలోనేనా? విచారణవాళ్ళు రాకముందేనా? చెప్పమ్మా. ముందేనా?

ముందే.

అయితే... "వేరే ఎవరి తప్పూ లేదు" అని అంత గట్టిగా... నేను వెనకాల నిలబడి ఉంటే... నాకోసమా అది? నన్నెవరూ చూడకుండానా? ఫోన్ నంబరు రాయమని వచ్చింది... రాస్తానో లేదో చూద్దామని వచ్చిందా? ఓరి దేవుడా. నేను ఆవిడ కళ్ళలోకి చూడలేక తల దించుకుని తిన్నాను ఇన్నాళ్ళూ. ఆవిడ నన్ను చూస్తూనే ఉంది.

ఎందుకు చేసింది? అడిగావా నువ్వు? ఏమంది?

పుట్టిల్లు.

అవునులే. అమ్మా నాన్నా ఎప్పుడో పోయారు. అక్కకి పుట్టిల్లంటే నేనూ, ఈ రంగు డబ్బాలూ. మొగుడు పోయాడు, తమ్ముణ్ణి కూడా పోలీసులకిచ్చి ఎవరింటికి పోతుంది? అందుకని చచ్చినవాడి మీదకి తోసేసింది. ఆయనేమీ అనుకోడని. ఫోటో పెట్టుకోలేదంటే కోపమనుకున్నానే! ఆయన మొహం చూడ్డానికి మొహం చెల్లక పెట్టుకోలేదు. నా మూలంగా.

ఇప్పుడెందుకు తీసిచ్చింది మరి? నువ్వు ఎగురుతున్నావని. ఆ రాయి చూసే నీ ముల్లు కూడా తిప్పుకుంటావని. "ముందిది మీ మామయ్యకి చూపించు" అందా? అంతేనా? ఇంకేమీ అనలేదా? నా అంతట నేను చెప్తానో లేదో చూడమందా?

చెప్పాను. చెప్పాను కదా కవరు విప్పకముందే? నువ్వే సాక్షి.

కానీ తల్లీ, అంతా చెప్పలేదు.

ఫోటోలో లేనిదొకటుంది. అది అక్కకీ తెలీదు. ఇది కూడా వినేసి వెళ్ళు.

ఆ పూట నేను కింద చివర నిచ్చెన మీదున్నా, స్వాగతం గుడ్డ కడుతున్నా. మీ నాన్న విమానంలోకి ఎక్కబోతూ రాయి వంక చూసి ఆగాడు. అరనిమిషం మనిషి, ఆగాడు. వెనక్కి తిరిగొచ్చాడు. నా నిచ్చెన కిందకొచ్చి, ఇలా తలెత్తి, "ఏం బావమరిదీ, ఈ చివర అంకె ఇదేనా? ఇంకేదో గుర్తు నాకు" అన్నాడు. ఆ ఏడాది కింద చివర మట్టి పోసి చదును చేశారు, మళ్ళీ కొలిచారేమో అనుకున్నాడు పాపం. అడిగాడు. తిరిగి చూస్తే సరిపోయేది. మెడ తిప్పితే చాలు.

నోట్లో మేకులున్నాయి. ఎండ. పైగా నా పనిలో తప్పు వెతుకుతున్నాడని ఉక్రోషం. మేకులు తీసి, చూడకుండానే అన్నాను. "నేను రాసిందే కదా, చూసి పెట్టుకో బావా. నీలాగా తొందరపడి చేసే రకం కాదు నేను."

నవ్వాడు. "అయితే సరే" అన్నాడు. వెళ్ళి ముల్లు తిప్పుకున్నాడు.

ఆయన జీవితంలో తొందరపడని రోజు అదొక్కటేనమ్మా.

ఏడవకు. నువ్వు ఏడిస్తే నేనేం చెయ్యాలో నాకు తెలీదు. అప్పుడంటే చొక్కా ఉంది.

లే. మొహం కడుక్కో, వెనకాల కుళాయి ఉంది. విజిలు సారు ఇంకా ఆఫీసులోనే ఉంటాడు, ఇద్దరం వెళ్దాం. ఫోటో నువ్వు పట్టుకో. విచారణవాళ్ళకి రాయమంటాను, పోలీసులంటే పోలీసులే. రాళ్ళ మీద అంకెలు నేను రాయను. ఎవరితో రాయించినా సరే, నువ్వొకసారి, మీ అమ్మొకసారి చదివాకే ముల్లు తిప్పు. ఒట్టెయ్యి. నా మీద కాదు, మీ నాన్న మీద.

ఒక్క క్షణం. ఆ మూల బోర్డు ఇటియ్యి. కుంచె కూడా. ఆ నల్లడబ్బా.

ఖాళీ అలా వదిలెయ్యకూడదు కదా. ఇంటిపేరుతో సహా రాయమన్నాడు, రాస్తాను. నా పేరు. అక్షరాలే కదమ్మా, తప్పు పోదులే.